పాతకాలం వీడియో గేమ్ కొత్తగా కొన్నారా? ముందు ఇవి చూసుకోండి

మా చిన్నప్పుడు మా నాయన పనిమీద మద్రాసు పోయి, వచ్చేటప్పుడు బర్మా బజారులో బేరమాడి ఒక టీవీ గేమ్ తెచ్చినాడు. ఆ వేసవి సెలవులంతా చంద్రగిరిలో మా వీధి పిలకాయలు మా ఇంట్లోనే. ఇప్పుడు మళ్లీ అవే గేములు ఆన్‌లైన్‌లో దండిగా దొరుకుతా ఉన్నాయి. ఈ రెండేళ్లలో మా ఇంట్లో, మా వీధిలో కలిపి ఐదు సెట్లు నేనే దగ్గరుండి పెట్టించినాను. అందులో మూడు “పాడైపోయింది, వాపసు పంపేద్దాం” అన్నవే. ఒక్కటీ పాడు కాలేదు. ఒకదానికి వైరు తప్పు, ఒకదానికి టీవీలో సెట్టింగు తప్పు, ఇంకోదానికి క్యాసెట్ పిన్నుల మీద మురికి. మొదటి రోజు ఓ అరగంట ఓపిక పడితే వాపసు బాధ, మెకానిక్ ఖర్చు రెండూ ఉండవు. నేను చేసి చూసినవే చెప్తాను.

1. ముందు మీ సెట్టు ఏ రకమో తెలుసుకోండి. క్యాసెట్ గుచ్చేది ఒక రకం, టీవీ హెచ్‌డీఎంఐ సందులో పెట్టే స్టిక్ ఒక రకం, చేతిలో పట్టుకొని ఆడే చిన్నది ఇంకో రకం. మూడింటికీ చార్జర్ వేరు, వైరు వేరు. పక్కింటివాళ్లది పనిచేసింది కదా అని వాళ్ల అడాప్టర్ తెచ్చి పెట్టేయొద్దు.

2. బాక్సు టేపు కోసే దగ్గర్నుంచి టీవీలో బొమ్మ వచ్చేదాకా ఫోనులో వీడియో తీయండి. ఏదైనా తక్కువ వచ్చినా, పగిలి వచ్చినా వాపసు అడిగేటప్పుడు వాదన పడే పని ఉండదు.

3. వాపసు గడువు తీరేదాకా బాక్సు, థర్మాకోల్, బిల్లు పారేయొద్దు. ఆ తర్వాత కూడా థర్మాకోల్ ఉంచుకుంటే అటక మీద పెట్టేటప్పుడు వేరే కవరు కొనే పని తప్పుతుంది.

4. పెట్టె మీద “99999 గేములు” అని ఉంటే ఆ అంకెకు డబ్బులు పెట్టొద్దు. పసుపు క్యాసెట్లలో అసలు ఉండేది కొద్ది గేములే, అవే పేర్లు మార్చి మార్చి వస్తాయి. మారియో, కాంట్రా, టెట్రిస్, రోడ్ ఫైటర్, బాంబర్‌మ్యాన్ ఉన్నాయా అని మాత్రం చూసుకోండి. ఆ ఐదూ ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

5. జాయ్‌స్టిక్‌లు రెండు రావాలి. రెండోది విడిగా కొంటే పిన్ను కలవక తిరగాల్సి వస్తుంది, కాబట్టి కొనేటప్పుడే జత అడగండి.

ఇంక కరెంటు సంగతి. ఇక్కడే ఎక్కువ సెట్లు కాలిపోతాయి, అందుకే కాస్త నిదానంగా చదవండి.

6. అడాప్టర్ వెనక చిన్న అక్షరాలుంటాయి, ఫోను కెమెరాతో జూమ్ చేసి చదవండి. క్యాసెట్ సెట్లకు ఎక్కువగా 9 వోల్టుల డీసీ ఉంటుంది, దాని పక్కనే గుండ్రం గుర్తుకు అటూ ఇటూ ప్లస్, మైనస్ గీసి ఉంటాయి. సెట్టు మీద కూడా అదే గుర్తు ఉందో లేదో కలిపి చూడాలి. జపాన్ నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన అసలు ఫామికామ్‌లో పిన్ను మధ్యలో మైనస్, మన ఇళ్లలో మామూలుగా దొరికే చాలా అడాప్టర్లలో మధ్యలో ప్లస్. పిన్ను దూరింది కదా అని పెడితే లోపల చిప్పు పోతుంది. మా అన్న వాళ్ల సెట్టుకు ఒక అంగట్లో “ఇది సరిపోతుంది పొండి” అని ఇచ్చిన అడాప్టర్ పెడితే రెండు నిమిషాల్లో పొగ వచ్చింది. అప్పట్నుంచి గుర్తు చూడకుండా నేను ఏ పిన్నూ గుచ్చను.

7. అమెరికా నుంచో జపాన్ నుంచో మనవాళ్లు తెచ్చిన పాత సెట్టయితే గోడకు పెట్టే ముందు ఆగండి. అక్కడి కరెంటు 120, 100 వోల్టులు, మనది 230. పాత అమెరికా అడాప్టర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే ఆ క్షణంలోనే పోతుంది. వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ తప్పకుండా పెట్టాలి.

8. 2016లో నింటెండో తెచ్చిన చిన్న ఎన్ఈఎస్ క్లాసిక్‌కు మాత్రం ఆ బాధ లేదు. అది యూఎస్‌బీ కరెంటుతో నడుస్తుంది, ఇంట్లో ఉన్న మంచి ఫోను చార్జర్ చాలు. 30 గేములు లోపలే ఉంటాయి, క్యాసెట్ పనే లేదు.

9. హెచ్‌డీఎంఐ స్టిక్ ఆడతా ఆడతా ఆగిపోయి మళ్లీ మొదటికొస్తుంటే, దాని వైరు టీవీ యూఎస్‌బీలో పెట్టుంటారు. అక్కడ్నుంచి తీసి ఫోను చార్జర్‌కు పెట్టండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

10. గేమ్‌కు, టీవీకి కలిపి స్విచ్చు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి పెట్టుకోండి. ఆట అయిపోగానే ఒక్క స్విచ్చు కట్టేస్తే అడాప్టర్ రాత్రంతా కరెంటు తాగదు, వేడెక్కదు.

11. మొదటి రోజు అరగంట ఆడినాక అడాప్టర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, చెయ్యి పెట్టలేనంత కాలినా, వాసన వచ్చినా తీసేసి మార్చుకోండి.

12. ఉరుములు మొదలైతే స్విచ్చు కట్టేస్తే చాలదు, ప్లగ్గే పీకేయండి. కేబుల్ వైరు కూడా టీవీ నుంచి తీస్తే ఇంకా మంచిది.

కరెంటు సరిగ్గా ఉంది, ఎర్ర లైటు వెలిగింది, కానీ టీవీలో ఏమీ రాలేదు. ఇక్కడ చాలామంది సెట్టు మీద తప్పు వేస్తారు.

13. పసుపు పిన్ను పసుపు సందులో, తెల్ల పిన్ను తెల్ల సందులో పెట్టండి. పసుపు బొమ్మకు, తెలుపు శబ్దానికి. తారుమారైతే బొమ్మ రాకుండా గుయ్యిమని చప్పుడొస్తుంది. అది సెట్టు పాడైన చప్పుడు కాదు, పిన్ను మార్చమని చెప్పే చప్పుడు.

14. టీవీ వెనక పసుపు సందు కనబడకపోతే ఆకుపచ్చ సందు చూడండి. చాలా ఎల్ఈడీ టీవీల్లో రెండింటికీ ఒకటే సందు, పక్కన చిన్నగా ‘వీడియో’ అనో ‘ఏవీ’ అనో రాసి ఉంటుంది. కొన్నిటికి ఇయర్‌ఫోన్ సందులాంటి చిన్న రంధ్రం ఉంటుంది. దానికి టీవీతో పాటు వచ్చిన పొట్టి వైరు కావాలి, టీవీ బాక్సులో వెతకండి.

15. అదీ లేని టీవీ అయితే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అనే చిన్న డబ్బా అడిగి కొనండి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని తిరగేసింది కూడా అచ్చం అలాగే ఉంటుంది, అది మనకు పనికిరాదు. మద్రాసు పోయేవాళ్లుంటే రిచీ స్ట్రీట్‌లో ఇలాంటివన్నీ ఒకే చోట చూసి కొనుక్కోవచ్చు.

16. రిమోట్‌లో ‘సోర్స్’ గానీ ‘ఇన్‌పుట్’ గానీ నొక్కి ఏవీకి మార్చండి. నేను పెట్టించిన ఐదు సెట్లలో ఒకటి ‘పాడైంది’ అన్నది ఈ ఒక్క బటన్ నొక్కకే.

17. బొమ్మ తెలుపు నలుపుగా వస్తుంటే టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉంటుంది, దాన్ని ‘ఆటో’లో పెట్టండి. మన దేశంలో టీవీలు పాల్ పద్ధతి, జపాన్, అమెరికా సెట్లు ఎన్టీఎస్‌సీ పద్ధతి. ఆ మార్పు చేస్తే మారియో టోపీకి ఎరుపు వచ్చేస్తుంది.

18. పెద్ద టీవీలో మనుషులు పొట్టిగా, లావుగా కనబడితే బొమ్మ కొలతను 4:3కు మార్చండి. పక్కల నల్లగా ఖాళీ వస్తుంది, రానివ్వండి. ఆ ఆటలు ఆ కొలతకే చేసినవి.

19. బటన్ నొక్కిన కాసేపటికి మారియో ఎగురుతున్నాడంటే లోపం జాయ్‌స్టిక్‌లో లేదు, టీవీలో ఉంది. పిక్చర్ సెట్టింగ్‌లో ‘గేమ్ మోడ్’ పెట్టి, బొమ్మను మెత్తగా చేసే ఆప్షన్లన్నీ తీసేయండి. మా పాప రెండు రోజులు ఒకే గుంతలో పడిపోయింది. ఈ ఒక్క మార్పుతో దాటేసింది.

20. ఇంట్లో పాత డబ్బా టీవీ పనిచేస్తా ఉంటే పాత సామాన్లకు వేయొద్దు, దీనికే ఉంచుకోండి. బొమ్మ ఆలస్యం ఉండదు, రంగులు ఆ ఆటలకు సరిగ్గా కుదురుతాయి.

21. బాతుల్ని కాల్చే తుపాకీ కూడా డబ్బా టీవీ మీదే పనిచేస్తుంది. ఆ టీవీ తెర మీద వెలుగు గీత గీతగా పడే తీరును బట్టి తుపాకీ గురి పసిగడుతుంది, ఎల్ఈడీలో ఆ తీరు లేదు. ఇంట్లో ఎల్ఈడీ ఒక్కటే ఉంటే తుపాకీ ఉన్న సెట్టుకు ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

22. పాత సెట్టుకు ఏంటెన్నా వైరు ఒక్కటే ఉంటే, దాన్ని టీవీ ఏంటెన్నా సందులో పెట్టి, సెట్టు ఆన్ చేసి, ఆ తర్వాత ఆటో ట్యూనింగ్ పెట్టండి. సెట్టు ఆన్ చేయకుండా ట్యూన్ చేస్తే రోజంతా తిప్పినా దొరకదు.

క్యాసెట్ సెట్టు కొన్నవాళ్లకు ఇప్పుడు చెప్పేవి ముఖ్యం. అసలు ఫామికామ్‌కు నింటెండో కంపెనీయే 2007లో మరమ్మతులు ఆపేసింది. మన ఇళ్లలో ఉన్నవి దానికి నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లతో వచ్చినవి. వాటిని బాగా చూసుకోవాల్సింది మనమే.

23. స్విచ్చు కట్టేసినాకే క్యాసెట్ తీయాలి, పెట్టాలి. ఈ ఒక్క అలవాటు పిలకాయలకు మొదటి రోజే నేర్పిస్తే సెట్టు ఏళ్ల తరబడి ఉంటుంది.

24. క్యాసెట్‌లోకి నోటితో ఊదొద్దు. చిన్నప్పుడు మనమంతా ఊదినాం, ఊదితే ఆడింది కూడా. ఆడింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. నోటి తడికి లోపలి రాగి పిన్నులు నల్లబడతాయి.

25. ఊదే బదులు ఇలా శుభ్రం చేయండి. సెల్ రిపేరు అంగట్లో ఐపీఏ అనే స్పిరిట్ చిన్న సీసా దొరుకుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అన్నా ఇస్తారు. చెవి పుల్ల కొనకు రెండు చుక్కలు వేసి, క్యాసెట్ కింది అంచున పళ్ల దువ్వెనలాగా కనిపించే పిన్నుల మీద పైనుంచి కిందికి మెల్లగా తుడవండి. అడ్డంగా రుద్దొద్దు. మొదటి పుల్ల కాటుకలాగా నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో వస్తుంది, మూడో నాలుగో పుల్ల తెల్లగా వచ్చేసరికి పిన్నులు కొత్త ఇత్తడి చెంబులాగా మెరుస్తాయి. వెనక వైపూ తుడిచి, పది నిమిషాలు ఫ్యాను కింద ఆరనిచ్చి పెట్టండి. మా నాయన తెచ్చిన క్యాసెట్ ఇరవై ఏళ్లు అటక మీదుండి, ఇట్లా తుడిచిన సాయంత్రమే ఆడింది.

26. ఆ స్పిరిట్ చప్పున అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, అగరొత్తి దగ్గర వాడొద్దు, పిలకాయలకు అందనివ్వొద్దు.

27. స్పిరిట్ దొరక్కపోతే బడి పిల్లల తెల్ల రబ్బరుతో పిన్నుల మీద నాలుగుసార్లు తేలిగ్గా రుద్ది, పొట్టు పూర్తిగా దులిపేయండి. రూపాయి ఖర్చు లేదు.

28. కొబ్బరినూనె, కిరోసిన్, శానిటైజర్, ఉప్పు కాగితం మాత్రం దగ్గరికి రానీయొద్దు. నూనెకు దుమ్ము పడుతుంది, శానిటైజర్ జిగట మిగులుస్తుంది, ఉప్పు కాగితం రాగినే ఊడగొడుతుంది.

29. తుడిచినా ఆడకపోతే స్విచ్చు కట్టేసి క్యాసెట్‌ను నాలుగైదుసార్లు పెట్టి తీయండి. సెట్టు లోపలి పిన్నుల మీది మురికి దానికదే రాలుతుంది.

30. అమెరికా నుంచి వచ్చిన బూడిద రంగు పెద్ద క్యాసెట్ మన సెట్టులో దూరదు, బలవంతం చేయొద్దు. దానికి 72 పిన్నులు, మనదానికి 60. కొనేటప్పుడు పిన్నుల వెడల్పు పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బులు దండగ కావు.

31. క్యాసెట్లను పాత స్టీలు టిఫిన్ డబ్బాలో నిలువుగా పేర్చి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ చెమ్మకే పిన్నులు తుప్పు పడతాయి.

32. కిటికీ ఎండ పడే చోట సెట్టు పెట్టొద్దు. తెల్ల ప్లాస్టిక్కు పసుపు పడితే తుడిచినా పోదు.

స్టిక్కూ, చేతి సెట్టూ కొన్నవాళ్లకు నాలుగే మాటలు.

33. స్టిక్‌లో ఉండే చిన్న కార్డు తొందరగా పోతుంది. వచ్చిన రోజే కంప్యూటరులో మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత కార్డు పోయినా కొత్త కార్డు ఖర్చుతోనే అయిపోతుంది.

34. వైరు లేని జాయ్‌స్టిక్‌లకు చార్జింగ్ బ్యాటరీలు వాడితే నెలనెలా కొనే ఖర్చు పోతుంది. వారం పైన ఆడనప్పుడు తీసి పక్కన పెట్టండి, లేకపోతే కారి స్ప్రింగులు తినేస్తాయి.

35. 400 గేములని అమ్మే చేతి సెట్టుల్లో చాలావాటికి పాత నోకియా ఫోన్ల బీఎల్ 5సీ బ్యాటరీయే ఉంటుంది. వెనక మూత తీసి చూడండి, అదే అయితే చార్జింగ్ నిలవనప్పుడు సెల్ అంగట్లో కొత్తది వేయించుకోవచ్చు, సెట్టు పారేయక్కర్లేదు.

36. బ్యాటరీ కొంచెం ఉబ్బినా ఇంక చార్జింగ్ పెట్టొద్దు, ఆ రోజే మార్చేయండి.

ఇంక జాయ్‌స్టిక్, ఆట.

37. జాయ్‌స్టిక్ వైరును జడలాగా మెలిపెట్టి చుట్టొద్దు. పెద్ద వలయాలుగా చుట్టి, జుట్టుకు పెట్టే రబ్బరు బ్యాండు వేయండి. వైరు మొదట్లో తెగే బాధ తప్పుతుంది.

38. బటన్ గట్టిగా నొక్కితేనే పనిచేస్తుంటే వెనక స్క్రూలు విప్పి, లోపలి రబ్బరు ముక్కను, దాని కింద నల్ల చుక్కలను పొడి బట్టతో తుడవండి. విప్పే ముందు ఫొటో తీసుకుంటే ఏ ముక్క ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.

39. నాలుగు బటన్లుంటే పై రెండూ ఎక్కువగా ‘టర్బో’ బటన్లు, పట్టుకుంటే చాలు అదే పనిగా కొడతాయి. కాంట్రాలో కాల్చడానికి అవి వాడితే బొటనవేలు నొప్పి పుట్టదు.

40. బొరుగులు, మిక్చరు పెట్టేటప్పుడు చెంచా కూడా ఇవ్వండి. నూనె చేతులతో పట్టుకుంటే బటన్లు జిగటబడతాయి, చీమలు సెట్టులోకి పోతాయి.

41. ఎన్ఈఎస్ క్లాసిక్ జాయ్‌స్టిక్ వైరు మూడడుగులు కూడా ఉండదు. ఎక్స్‌టెన్షన్ వైరు కొనే ముందు పొడుగాటి హెచ్‌డీఎంఐ వైరు ఇంట్లో ఉందేమో చూడండి, సెట్టునే సోఫా దగ్గరికి తెచ్చుకోవచ్చు.

42. ఈ ఆటలు చాలావరకు సేవ్ కావు. అన్నానికి లేవాల్సి వస్తే స్టార్ట్ నొక్కి ఆపి, టీవీ ఒక్కటే కట్టేయండి. సెట్టు ఆన్‌లో ఉంటే తిరిగొచ్చేసరికి ఆట అక్కడే ఉంటుంది, పిలకాయలు కూడా పిలిచిన వెంటనే అన్నానికి వస్తారు.

43. 1985 నాటి సూపర్ మారియోలో ఆట అయిపోయినాక మొదటి తెర మీద ‘ఏ’ అని రాసున్న బటన్ పట్టుకొని స్టార్ట్ నొక్కండి. చచ్చిపోయిన ప్రపంచం మొదట్నుంచే మొదలవుతుంది, 1-1 నుంచి మళ్లీ ఆడక్కర్లేదు. ఈ ముక్క తెలియక మేం ఒక వేసవంతా మొదట్నుంచే ఆడినాం.

44. అదే మారియోలో 1-2 చివర్లో పైకి పోయే పలక ఎక్కి, ఇటుకల కప్పు మీదికి దూకి, బయటికి పోయే గొట్టం దాటి నడిచిపోండి. అక్కడున్న మూడు గొట్టాల్లో ఏదైనా దూరితే నేరుగా 2, 3, 4 ప్రపంచాల్లో ఒకదానికి పోతారు.

45. కాంట్రాలో మూడు ప్రాణాలు చాలవు. మొదటి తెర మీద పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ నొక్కి స్టార్ట్ కొట్టండి, 30 వస్తాయి. ఇద్దరు ఆడేటప్పుడు స్టార్ట్‌కు ముందు సెలెక్ట్ నొక్కాలి. కజుహిసా హషిమోతో అనే జపానాయన 1986లో గ్రాడియస్ అనే ఆటను పరీక్షించేటప్పుడు, తనకే కష్టంగా ఉందని పెట్టుకున్న కిటుకు ఇది. తర్వాత తీయడం మరిచిపోయినాడు, అట్లా ప్రపంచమంతా పాకింది.

46. పెద్దవాళ్లకు మొదట టెట్రిస్ పెట్టివ్వండి. పరిగెత్తేది, కాల్చేది లేదు, ముక్కలు కుదిర్చి పేర్చడమే. మా జేజి రెండో రోజుకే కళ్లద్దాలు సర్దుకొని మాకంటే ఎక్కువ వరుసలు తీసింది.

47. వంతుల కోసం గొడవ పడితే గడియారం పెట్టొద్దు, ప్రాణాలతో లెక్క పెట్టండి. ఒక ప్రాణం పోతే జాయ్‌స్టిక్ పక్కవాళ్లకు. ఎవరూ ‘ఇంకొక్క నిమిషం’ అనరు.

48. నెలకొకసారైనా ఆన్ చేసి ఆడండి, ఊరికే పెట్టిన సెట్టుకే చెమ్మ ఎక్కువ. ఆడనప్పుడు పాత దిండు గలీబు కప్పితే దుమ్ము పడదు.

49. కొత్త క్యాసెట్లు కొనే ముందు మీ అటక మీద, మీ పుట్టింటి అటక మీద ఒకసారి వెతకండి. అప్పటి పసుపు క్యాసెట్ దొరికితే పారేయొద్దు. అదీ ఇప్పుడు దొరికే సెట్టూ 60 పిన్నులవే, తుడిచి పెడితే ఇందులో ఆడుతుంది.